జన్యుమార్పిడి తప్పా ఒప్పా అని మీకు మీరే తేల్చుకోవాలంటే ఏం చేయాలి

జీఎం, అంటే జన్యుమార్పిడి, ఒక జీవి జీన్స్‌ని ల్యాబులో మార్చడం, ఆ మాట వినగానే చాలామందికి మనసులో ఏదో కలుక్కుమంటుంది. దేవుడు చేసినదాన్ని మనిషి మార్చడం ఏంటి అని ఒకరికి, నేను తినేదాంట్లో తినకూడని జంతువు జీన్ ఉందేమో అని ఇంకొకరికి, పాపం ఆ జంతువుని ఎంత హింస పెట్టి ఉంటారో అని మరొకరికి. దీన్ని సైన్స్ తెలియనివాళ్ల భయం అని కొట్టిపారేసేవాళ్లు ఉన్నారు, ఆ తీరు నాకు అస్సలు నచ్చదు, ఎందుకంటే ఆ ఇబ్బంది వెనకాల నిజమైన విలువలు ఉంటాయి. అలాగని జీఎం అన్న మాట కనిపిస్తే చాలు పాపం అని ముద్ర వేసేయడం కూడా కుదరదు. షుగర్ ఉన్నవాళ్లు పొడుచుకునే ఇన్సులిన్ 1982 నుంచీ జన్యుమార్పిడి చేసిన సూక్ష్మజీవుల్లో తయారై వస్తోంది, అంతకుముందు దాన్ని పందుల, ఆవుల క్లోమగ్రంథి నుంచి తీసేవాళ్లు. మరి ఏది ఎక్కువ తప్పు? టకీమని చెప్పలేం కదా.

అందుకే ఇక్కడ నేను తప్పు, ఒప్పు అని తీర్పు చెప్పను. మీ మనసులో ఉన్న అభ్యంతరాన్ని జవాబు దొరికే ప్రశ్నగా ఎలా మార్చుకోవాలి, ఆ ప్రశ్న ఎవర్ని అడగాలి, జవాబు వచ్చాక ఏం చేయాలి, అంతవరకే చెప్తాను.

ముందు మీ అభ్యంతరం ఏ రకమో చూసుకోండి

ఒక కాగితం తీసుకుని "నాకు ఇది ఎందుకు నచ్చట్లేదంటే" అని మొదలుపెట్టి ఒకే ఒక్క వాక్యం రాయండి. నిజంగా రాయండి, మనసులో అనుకుంటే సరిపోదు, ఎందుకంటే మనసులో నాలుగైదు అభ్యంతరాలు కలగలిసిపోయి ఉంటాయి, ఒకదానికి జవాబు రాగానే ఇంకోదాంట్లోకి జారిపోతాం.

రాసింది చూస్తే అది మామూలుగా ఈ నాలుగింట్లో ఒకటై ఉంటుంది. ఆ పని చేయడమే తప్పు, ఫలితం ఎంత మంచిదైనా సరే అనేది మొదటిది. దానివల్ల ఎవరికో హాని జరుగుతుంది అనేది రెండోది, ఆ ఎవరో మనిషి కావచ్చు, జంతువు కావచ్చు, నేల కావచ్చు. జీవం ఒక కంపెనీ సొత్తు అయిపోతుంది అనేది మూడోది. నా ఆహార నియమం, నా శుచి దెబ్బతింటుంది అనేది నాలుగోది.

ఇలా విడదీయడం ఎందుకంటే ఒక్కోదానికి జవాబు చెప్పాల్సిన మనిషి వేరు. ఈ పని చేసే హక్కు మనిషికి ఉందా అని శాస్త్రవేత్తని అడిగితే ఆయన దగ్గర జవాబు ఉండదు, ఆయన చదివిన చదువు దానికి కాదు. ఈ ప్రొటీన్ వల్ల అలర్జీ వస్తుందా అని మతపెద్దని అడిగినా అంతే. జీఎం మీద జరిగే గొడవల్లో సగం ఇలాగే నడుస్తుంటాయి, ఒకళ్లు పవిత్రత గురించి మాట్లాడుతుంటే ఇంకొకళ్లు సేఫ్టీ రిపోర్టులు చూపిస్తారు, ఇద్దరూ అరుచుకుని అలిసిపోతారు.

ఎక్కువమంది రాసే వాక్యం "ఇది ప్రకృతికి విరుద్ధం" అనేది. మీరూ అదే రాసుంటే ఇంకొంచెం లోపలికి వెళ్లండి. చిలగడదుంపలో ఆగ్రోబ్యాక్టీరియం అనే నేల బ్యాక్టీరియా జీన్స్ ఉన్నాయని 2015లో శాస్త్రవేత్తలు బయటపెట్టారు, మనిషి ఎవరూ పెట్టలేదు, ఎప్పుడో వేల ఏళ్ల కింద వాటంతటవే చేరి అందులోనే ఉండిపోయాయి. ల్యాబుల్లో మొక్కల్లోకి జీన్స్ పంపడానికి వాడేది కూడా ఆ బ్యాక్టీరియానే. ఇంకోపక్క విత్తనాల మీద, మొగ్గల మీద రేడియేషన్ కొట్టి, డీఎన్ఏ ఎక్కడ పడితే అక్కడ చెదిరాక అందులోంచి పనికొచ్చేది ఏరుకునే పద్ధతి 20వ శతాబ్దంలో బాగా నడిచింది, కొన్ని ఎర్ర గ్రేప్‌ఫ్రూట్ రకాలు అలా పుట్టినవే, వాటిని జీఎం అని ఎవరూ అనరు. దీన్నిబట్టి మీ అభ్యంతరం తప్పని నేననట్లేదు. ప్రకృతిలో జరిగేదంతా మంచిదనీ కాదు, వైరస్‌లు కూడా ప్రకృతిలోవే. కానీ "సహజం కాదు" అన్న ఒక్క మాట మీద మొత్తం బరువు పెడితే అది మోయలేదు, దాని వెనకాల ఉన్న అసలు బాధ ఏంటో పట్టుకోవాలి. మనిషి అహంకారమా, తొందరపాటా, జీవం మీద గౌరవం లేకపోవడమా? అది దొరికితే మాట్లాడుకోవడానికి ఒక చోటు ఏర్పడుతుంది.

అసలు ఏం మార్చారో కనుక్కోండి

టమాటాల్లో చేప జీన్ ఉంటుంది అని చాలా ఏళ్లుగా తిరుగుతున్న మాట ఒకటుంది. నిజం ఏంటంటే 1990ల మొదట్లో చలికి తట్టుకోవడం కోసం చలి సముద్రాల చేప జీన్ ఒకటి టమాటాలో పెట్టి ప్రయోగం చేశారు, అది పనికి రాలేదు, ఏ మార్కెట్‌కీ ఎప్పుడూ రాలేదు. 1994లో అమెరికాలో అమ్మకానికొచ్చిన మొదటి జీఎం టమాటా వేరు, అందులో పండు త్వరగా మెత్తబడకుండా టమాటా సొంత జీన్‌నే అణచిపెట్టారు. శాకాహారం నియమం ఉన్నవాళ్లకి ఈ రెండూ ఒకటి కాదు కదా. అందుకే పుకారుని పట్టుకుని పాపభయం పెట్టుకోకండి, దాన్ని పట్టుకుని పక్కవాళ్లని తప్పు పట్టొద్దు కూడా.

మీరు తెలుసుకోవాల్సినవి ఏంటంటే, ఏ జీవిలో మార్చారు, జీన్ ఎక్కడిది, బయటి జీన్ కొత్తగా పెట్టారా లేక ఉన్నదాన్ని తీసేశారా, ఏ అవసరం కోసం, చివరికి నా నోట్లోకి వెళ్లేది ఆ మార్చిన జీవా లేక అది తయారు చేసిన పదార్థమా. ఈ చివరి ప్రశ్న చాలామందికి తట్టదు, మతనియమాల విషయంలో అన్నిటికన్నా ముఖ్యమైంది మాత్రం అదే.

జున్నుగడ్డ, అంటే చీజ్ సంగతే చూడండి. పాలు విరిగి గడ్డకట్టడానికి రెన్నెట్ అనేది వాడతారు, పాత పద్ధతిలో అది పాలు తాగే వయసు దూడని కోసి దాని నాలుగో పొట్ట లోపలి పొరల నుంచి తీసింది. అందులో పనిచేసే ఎంజైమ్ పేరు కైమోసిన్. ఆ కైమోసిన్ తయారుచేసే దూడ జీన్‌ని కాపీ చేసి సూక్ష్మజీవుల్లో పెట్టారు, అవి పెద్ద పెద్ద ట్యాంకుల్లో పెరుగుతూ ఆ ఎంజైమ్‌ని తయారు చేస్తాయి, తర్వాత సూక్ష్మజీవుల్ని తీసేసి ఎంజైమ్‌ని శుద్ధి చేసి వాడతారు. 1990లో అమెరికాలో ఆహారం, మందుల్ని తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ దీనికి అనుమతి ఇచ్చింది. ఇప్పుడు చాలా దేశాల్లో చీజ్ దీనితోనే తయారవుతోంది, దీనికోసం దూడని కోసే పని లేదు, ఆహారం మతనియమం ప్రకారం ఉందో లేదో చూసి చెప్పే యూదుల కోషర్ సంస్థలు, ముస్లింల హలాల్ సంస్థలు కూడా దీన్ని ఒప్పుకున్నాయి. అంటే జన్యుమార్పిడి వద్దు అని పట్టుబట్టే శాకాహారి తెలియకుండానే దూడ పొట్ట వైపు వెళ్లే అవకాశం ఉంది. మొక్కల నుంచి, బూజు నుంచి తీసే ఇంకో రకం రెన్నెట్లు కూడా ఉన్నాయి, రెండూ వద్దనుకునేవాళ్లకి అదొక దారి.

ఇంకో విషయం. ల్యాబులో జీన్‌ని కాపీల మీద కాపీలు తీస్తారు, కాబట్టి చివరికి మొక్కలోకి వెళ్లేది ఆ జంతువు ఒంట్లోంచి తీసిన పదార్థం కాదు, అదే వరుసలో అక్షరాలున్న కొత్త డీఎన్ఏ. దీన్ని పట్టుకుని "అయితే అందులో జంతువు లేనట్టే" అని కొందరు పండితులు అంటారు. నాకు మాత్రం ఇది సగం జవాబుగానే అనిపిస్తుంది. జీన్ కాపీయే కావచ్చు, అది తయారుచేసే ప్రొటీన్ మాత్రం అసలుదే. సోయాలో పోషకం పెంచడానికి బ్రెజిల్ నట్ జీన్ ఒకటి పెట్టినప్పుడు, బ్రెజిల్ నట్ అలర్జీ ఉన్నవాళ్ల రక్తం ఆ సోయాకి కూడా స్పందించిందని 1996లో తేలింది, ఆ సోయాని ఆపేశారు. కాబట్టి జీన్ దేనిది అని అడిగి ఊరుకోకండి, దానివల్ల తయారైన ప్రొటీన్ నేను తినే భాగంలో ఉందా అని కూడా అడగండి.

మతాన్ని అడిగే తీరు

"మా మతం జీఎంని ఒప్పుకుంటుందా" అని అడిగితే సరైన జవాబు రాదు. ఏ గ్రంథంలోనూ డీఎన్ఏ గురించి లేదు, ఉన్నవి సూత్రాలు, వాటిని ఈ కొత్త విషయానికి ఎలా పట్టించాలి అన్నదాంట్లోనే పండితులు విడిపోతారు.

యూదుల్లో కిలాయిం అనే నియమం ఉంది, లేవీయకాండము 19వ అధ్యాయం 19వ వచనంలో వేరు వేరు జాతుల పశువుల్ని కలపొద్దు, పొలంలో రెండు రకాల విత్తనాలు కలిపి చల్లొద్దు అని ఉంటుంది. చూడగానే ఇదే జీఎం మీద నిషేధం అనిపిస్తుంది. కానీ చాలామంది రబ్బీలు, అంటే యూదుల మతపండితులు, ఆ నిషేధం జంతువుల్ని జత కట్టించడం, మొక్కల్ని అంటుకట్టడం లాంటి కంటికి కనిపించే పనులకే అని, కంటికి కనిపించని జీన్‌ని పంపడం దాని కిందకి రాదని చెప్పారు. ప్రాణం నిలబెట్టడం కోసం అయితే దాదాపు మిగతా నియమాలన్నీ పక్కకి జరుగుతాయి అనే సూత్రం కూడా వాళ్లకి చాలా బలమైనది. ఒప్పుకోని వాళ్లూ ఉన్నారు, నియమం మాటల్లో ఇది లేకపోయినా దాని ఉద్దేశం జాతుల హద్దుని గౌరవించడమే కదా అని వాళ్ల వాదన, అది తేలిగ్గా తీసేయాల్సిన వాదన కాదు.

ఇస్లాంలో ఖురాన్ 4వ సూరా 119వ ఆయత్‌లో అల్లా సృష్టిని మార్చేలా మనుషుల్ని పురికొల్పుతానని సైతాన్ అనే మాట ఉంది, అభ్యంతరం చెప్పేవాళ్లు దీన్ని చూపిస్తారు. ఒప్పుకునేవాళ్లు మస్లహా, అంటే ప్రజల మేలు, అలాగే దరూరా, అంటే తప్పనిసరి అవసరం అనే సూత్రాల మీద నిలబడతారు. ఒక పదార్థం పూర్తిగా ఇంకో పదార్థంగా మారిపోతే దాని పాత హుకుం కూడా మారుతుంది అనే ఇస్తిహాలా సూత్రం ఇంకొకటి. అయితే ఎంత మారితే "పూర్తిగా" అనొచ్చు అన్నదాంట్లో ఫిఖ్హ్, అంటే ఇస్లాం ధర్మశాస్త్ర, సంప్రదాయాల మధ్య తేడా ఉంది, అందుకే మీరు ఏ సంప్రదాయం పాటిస్తారో ఆ సంప్రదాయపు పండితుణ్నే, అంటే ఆలిమ్‌నే అడగాలి.

క్రైస్తవుల్లో బైబిల్ మొదటి పుస్తకం ఆదికాండమే రెండు వైపులకీ ఆధారం. ఒకచోట దేవుడు మనిషికి జీవుల మీద అధికారం ఇస్తాడు, ఇంకోచోట తోటని సేద్యం చేయమని, కాపాడమని చెప్తాడు. 2015లో పోప్ ఫ్రాన్సిస్ పర్యావరణం మీద రాసిన లేఖలో జన్యుమార్పిడి మీద ఒకే ఒక్క సాధారణ తీర్పు ఇవ్వడం కష్టం అని, ఒక్కోదాన్ని విడిగా చూడాలని రాశారు, భూమి కొద్దిమంది చేతుల్లోకి పోవడం గురించి హెచ్చరించారు కూడా. నాకు బాగా నచ్చిన వైఖరి ఇది.

హిందువులకి ఇది తప్పు, ఇది ఒప్పు అని అందరి తరఫునా చెప్పే ఒకే పీఠం లేదు, కాబట్టి అహింస, ఆహారశుద్ధి, మీ సంప్రదాయం, మీ గురువు, ఇవే ఆధారం. జైనుల్లో మొక్కలకి, నీటికి కూడా ఒక ఇంద్రియం ఉన్న జీవం ఉంటుందని నమ్ముతారు కాబట్టి వాళ్ల ప్రశ్న జంతువు దగ్గర మొదలవ్వదు, మొక్క దగ్గరే మొదలవుతుంది, ల్యాబులో సూక్ష్మజీవుల దగ్గరే మొదలవుతుంది. బౌద్ధుల్లో ఉద్దేశం ఏంటి, దానివల్ల దుఃఖం పెరుగుతుందా తగ్గుతుందా అనేది మొదటి ప్రశ్న.

ఇవన్నీ కాక భూమితో బంధుత్వం పాటించే జాతుల మాట వేరే ఉంటుంది, దాన్ని పెద్దగా ఎవరూ లెక్కలోకి తీసుకోరు. న్యూజిలాండ్ మావోరీలకి ప్రతి జీవికీ ఒక వంశక్రమం ఉంటుంది, దాన్ని ఫాకపాపా అంటారు, మనిషి జీన్‌ని ఆవులో పెట్టడం అంటే రెండు వంశక్రమాల్ని కలపడం వాళ్ల దృష్టిలో. 2000, 2001లో అక్కడ రాయల్ కమిషన్ జీఎం మీద విచారణ జరిపినప్పుడు ఈ వాదనల్ని కూడా విన్నది. ఎంత సేఫ్టీ డేటా చూపించినా ఈ అభ్యంతరానికి అది జవాబు కాదు, అది వాళ్ల మొదటి రకం ప్రశ్న, ఇందాక కాగితం మీద విడదీసుకున్నాం కదా, అలాంటిది.

మీ పెద్దల్ని అడిగేటప్పుడు ఇలా అడగండి: "ఫలానా సూక్ష్మజీవిలో ఫలానా జంతువు జీన్ కాపీ పెట్టారు, అది ఒక ఎంజైమ్ తయారు చేస్తుంది, ఎంజైమ్‌ని వేరు చేసి వాడతారు, చివరి ఆహారంలో సూక్ష్మజీవి ఉండదు, నేను తినొచ్చా? మీరు ఏ సూత్రం మీద చెప్తున్నారు?" ఆ రెండో ప్రశ్న వదలకండి. సూత్రం తెలిస్తే రేపు ఇంకో కొత్త వస్తువు వచ్చినప్పుడు మీరే ఆలోచించుకోగలరు.

జంతువుల దగ్గర ఆగి ఆలోచించాలి

మొక్కల విషయంలో వాదన ఎటైనా పోవచ్చు, కానీ జంతువుకి నొప్పి ఉంటుంది, భయం ఉంటుంది, ఇందులో అనుమానం లేదు. అందుకే ఇక్కడ మతం ఉన్నా లేకపోయినా కొన్ని ప్రశ్నలు అడిగి తీరాలి.

1980లలో అమెరికా వ్యవసాయ శాఖ బెల్ట్స్‌విల్ పరిశోధనా కేంద్రంలో పందుల్లో ఆవు గ్రోత్ హార్మోన్ జీన్ పెట్టారు. ఉద్దేశం కొవ్వు తక్కువ మాంసం, తక్కువ మేతతో ఎక్కువ పెరుగుదల, ఆ లెక్కలో కొంత వచ్చింది కూడా. కానీ ఆ పందులకి కీళ్లవాతం, కడుపులో పుండ్లు, గుండె పెరిగిపోవడం, చర్మరోగాలు, కిడ్నీ జబ్బులు వచ్చాయి. లేవడానికే అవస్థ పడే జంతువు అది. ఒక్క జీన్ అనుకుంటాం గానీ అది ఒంట్లో అన్ని చోట్లా పని చేస్తుంది. మాంసంలో కొవ్వు కొంచెం తగ్గడం కోసం ఒక ప్రాణికి పుట్టినప్పటి నుంచి చచ్చేదాకా నొప్పిని రాసిపెట్టడం తప్పు అని చెప్పడానికి నాకు ఏ గ్రంథమూ అక్కర్లేదు.

ఇప్పుడు దీనికి ఎదురుగా ఇంకోటి పెట్టి చూడండి. పాడి దూడలకి కొమ్ములు రాకుండా చిన్నప్పుడే కొమ్ము మొదళ్లని కాల్చేస్తారు, కాలిన ఇనుము తల మీద పెట్టి నొక్కుతారు, చాలా చోట్ల మత్తు కూడా ఇవ్వరు, దూడ కాళ్లు విదిలిస్తూ అరుస్తుంది. కొమ్ములు లేకుండానే పుట్టే పశువుల జాతులు ఉన్నాయి, వాటిలోని ఆ ఒక్క తేడాని జీన్ ఎడిటింగ్‌తో పాడి జాతిలో పెట్టారు, కొమ్ములు లేని దూడలు పుట్టాయి, 2016లో ఆ విషయం ప్రచురించారు. ఇది ఆ జంతువు బాధ తగ్గించే మార్పే, కాదనలేం. కానీ 2019లో ఎఫ్‌డీఏ శాస్త్రవేత్తలు ఆ పశువు డీఎన్ఏని మళ్లీ చూస్తే, ఎడిటింగ్‌కి వాడిన బ్యాక్టీరియా డీఎన్ఏ ముక్క, యాంటీబయాటిక్‌ని తట్టుకునే జీన్స్‌తో సహా, లోపలే ఉండిపోయింది. చేసినవాళ్లు చూసుకోలేదు. ఉద్దేశం మంచిదైతే చాలదు, ఎవరు తనిఖీ చేశారు అనేది కూడా నైతిక ప్రశ్నే అని దీన్నిబట్టి తెలుస్తుంది.

కాబట్టి జంతువు విషయంలో నేనైతే ఈ వరుసలో అడుగుతాను. ఈ మార్పు వల్ల ఆ జంతువు బతుకు మెరుగవుతుందా, దిగజారుతుందా. లాభం ఎవరికి, ప్రాణం నిలబెట్టుకోవాల్సిన రోగికా లేక లాభం పెంచుకోవాల్సిన వ్యాపారానికా. ఇదే ఫలితం జంతువుని మార్చకుండా వేరే దారిలో వస్తుందా. ఒక్క జంతువు సరిగ్గా పుట్టడానికి ఎన్ని పుట్టకముందే పోయాయి, ఎన్ని వికలాంగులై పుట్టాయి. ఈ చివరి లెక్క ప్రకటనల్లో కనిపించదు, పరిశోధన పత్రాల్లో వెతకాలి.

మూడో ప్రశ్న దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగండి. పందులకి వచ్చే పీఆర్ఆర్ఎస్ అనే భయంకరమైన వైరస్ జబ్బు ఉంది, చూడిపందులకి గర్భం పోతుంది, పిల్లలు చచ్చిపోతాయి. ఆ వైరస్ లోపలికి దూరే తలుపు లాంటి భాగాన్ని ఒక జీన్‌లోంచి తీసేసిన పందులకి 2025 ఏప్రిల్‌లో ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. జబ్బు రాకపోవడం పందికి మంచిదే, నేను ఒప్పుకుంటాను. కానీ ఇరుకు కొట్టాల్లో వేలకి వేలు కుక్కి పెంచడం వల్ల జబ్బులు ఎక్కువ పాకుతుంటే, కొట్టాన్ని మార్చకుండా పందిని మారుస్తున్నామా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. తత్వశాస్త్రంలో దీన్ని కొస దాకా లాగి అడుగుతారు: గుడ్డి కోళ్లు ఇరుకులో ఒకదాన్నొకటి పొడుచుకోవడం తక్కువ అనుకుందాం, అప్పుడు కోళ్లన్నిటినీ గుడ్డివిగా పుట్టిస్తే బాధ తగ్గినట్టేనా? లెక్క ప్రకారం తగ్గినట్టే. అయినా చాలామంది వద్దు అంటారు. ఎందుకు వద్దంటున్నామో ఆలోచిస్తే, నొప్పి లేకపోవడం ఒక్కటే కాదు, కోడి కోడిలా బతకడానికి కూడా ఒక విలువ ఉందని మనం నమ్ముతున్నామని తెలుస్తుంది. మీకు ఆ నమ్మకం ఉంటే మీ కాగితం మీద రాసిపెట్టుకోండి, చాలా నిర్ణయాల్లో అది పనికొస్తుంది.

ఇంకో మాట, జన్యుమార్పిడి లేకుండా మామూలుగా జాతులు ఎంచి పెంచడం వల్ల కూడా ఘోరాలు జరిగాయి. తన బరువు తన కాళ్లే మోయలేని మాంసం కోళ్లు, ముక్కు చదునైపోయి ఊపిరి ఆడక గురకలు పెట్టే కుక్కలు, ఇవన్నీ పాత పద్ధతిలో వచ్చినవే. జీఎం జంతువు వద్దు అనేవాళ్లు వీటిని కూడా అదే కొలతతో చూడాలి.

విత్తనం ఎవరిది, జీవి ఎవరిది

క్యాన్సర్ వచ్చేలా మార్చిన ఆంకోమౌస్ అనే ఎలుకకి అమెరికాలో 1988లో పేటెంట్ ఇచ్చారు. అదే ఎలుక మీద కెనడా సుప్రీంకోర్టు 2002లో వద్దంది, ఎలుక లాంటి పై స్థాయి జీవి మొత్తంగా పేటెంట్ చట్టంలో చెప్పిన "ఆవిష్కరణ" కిందకి రాదని. ఒకే ఎలుక, రెండు దేశాలు, రెండు జవాబులు.

హవాయి సంగతి చెప్తే ఇది మతం ప్రశ్న కూడా ఎందుకు అవుతుందో అర్థమవుతుంది. అక్కడి మూలవాసులకి కలో అనే చేమదుంప మొక్క తోబుట్టువు, వాళ్ల కథల్లో మొదటి మనిషికి అన్న. 2002లో అక్కడి యూనివర్సిటీకి మూడు చేమ రకాల మీద పేటెంట్లు వచ్చాయి. నిజానికి ఆ రకాలు జన్యుమార్పిడివి కావు, మామూలు సంకరణంతో చేసినవే. అయినా అన్నని ఎవరైనా సొంతం చేసుకుంటారా అని జనం లేచారు, 2006లో యూనివర్సిటీ ఆ పేటెంట్లు వదులుకుంది. అంటే మీ బాధ మూడో రకమైతే, జీఎం కానిదాంట్లో కూడా అది ఉండొచ్చు, జీఎం అయినా పేటెంట్ లేకుండా పంచితే ఉండకపోవచ్చు. పంట మళ్లీ మొలకెత్తకుండా చేసే టర్మినేటర్ విత్తనాల సంగతీ అంతే, 1998లో పేటెంట్ వచ్చింది, ప్రపంచమంతా గొడవ అయ్యింది, అవి మార్కెట్లోకి రాలేదు. గొడవ చేసినవాళ్ల వల్లే రాలేదు అని నేను నమ్ముతాను.

చేయకపోవడానికి కూడా లెక్క కట్టండి

వద్దు అని చెప్పడం చేతులు కడిగేసుకున్నట్టు అనిపిస్తుంది గానీ, వద్దు అన్నదాని భారం కూడా ఎవరో ఒకరు మోస్తారు. విటమిన్ ఏ లోపం వల్ల ఏటా రెండున్నర లక్షల నుంచి 5 లక్షల మంది పిల్లలు చూపు పోగొట్టుకుంటున్నారని, వాళ్లలో సగం మంది ఏడాదిలోపే చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. గింజలో విటమిన్ ఏగా మారే పదార్థం తయారయ్యేలా జీన్స్ పెట్టిన వరి, గోల్డెన్ రైస్‌ని శాస్త్రవేత్తలు ఇంగో పొట్రికుస్, పీటర్ బేయర్ ఈ పిల్లల కోసమే తయారు చేశారు, 2000లో ప్రకటించారు. ఫిలిప్పీన్స్ 2021లో సాగుకి అనుమతి ఇచ్చింది, 2024లో అక్కడి అప్పీళ్ల కోర్టు దాన్ని రద్దు చేసింది. విటమిన్ చుక్కలు, కూరగాయలు ఉన్నాయి కదా అనేవాళ్ల మాటలో నిజం ఉంది, అవి అందని పిల్లలు ఉన్నారు అన్నదాంట్లోనూ నిజం ఉంది. మీరు ఏ వైపు నిలబడినా అవతలి వైపు ఉన్న పిల్లాడి ముఖం చూసి నిలబడండి, నా విన్నపం అంతే.

అలాగే వెనక్కి తీసుకోగలమా అని అడగండి. ట్యాంకులో పెరిగే సూక్ష్మజీవిని రేపు ఆపేయొచ్చు. పొలంలో పంటని ఆపొచ్చు గానీ దాని పుప్పొడి ఈపాటికే పక్క చేలోకి వెళ్లి ఉండొచ్చు, అందులో పక్క రైతు ఇష్టాయిష్టాలు కూడా ఉన్నాయి. దోమల్లో జీన్ డ్రైవ్ అని ఒకటి ప్రయోగదశలో ఉంది, మామూలుగా సగం పిల్లలకి వెళ్లే జీన్ దీంతో దాదాపు అన్ని పిల్లలకీ వెళ్తుంది, అంటే బయట వదిలితే తనంతట తానే పాకుతుంది. మలేరియాతో ఏటా దాదాపు 6 లక్షల మంది పోతున్నారు కాబట్టి దీంతో దాన్ని తగ్గించొచ్చన్న ఆశ చిన్నది కాదు, కానీ వదిలాక తిరిగి పట్టుకోలేం. వెనక్కి తీసుకోలేనిదానికి అనుమతి అడిగే చోట చాలా గట్టి సాక్ష్యం అడగాలి, అక్కడ బతికేవాళ్ల మాట ముందు వినాలి, ఈ ఒక్క విషయంలో నేను మెత్తబడను.

తేల్చుకున్నాక

వద్దు అని తేల్చుకున్నవాళ్లకి ముందు లేబుల్ చదవడం రావాలి. యూరోపియన్ యూనియన్‌లో ఒక పదార్థంలో జీఎం 0.9 శాతం దాటితే లేబుల్ మీద రాయాలి, శుద్ధి చేసిన నూనెకైనా సరే. కానీ జీఎం మేత తిన్న పశువు పాలకి, మాంసానికి అక్కడ ఆ లేబుల్ అక్కర్లేదు, జీఎం సూక్ష్మజీవులతో చేసిన ఎంజైమ్ వాడిన చీజ్‌కి కూడా అక్కర్లేదు. అమెరికాలో "బయోఇంజినీర్డ్" అని రాయడం 2022 జనవరి నుంచి తప్పనిసరి అయ్యింది. ఏ దేశంలో ఉన్నా అక్కడి లేబుల్ దేన్ని వదిలేస్తుందో ముందు కనుక్కోండి, లేబుల్ లేదు కాబట్టి జీఎం లేదు అనుకోవద్దు. యూరప్, అమెరికాల్లో ఆర్గానిక్ సర్టిఫికెట్ నియమాలు జీఎంని ఒప్పుకోవు, కాబట్టి అదొక దారి. మతపరమైన సర్టిఫికెట్ ఉంటే ఆ సంస్థ జీఎం మీద ఏం చెప్తుందో రాతపూర్వకంగా అడగండి, చాలా సంస్థలు జవాబిస్తాయి.

ఇంట్లో ఒకరికి అభ్యంతరం ఉండి ఇంకొకరికి లేకపోతే, ఎవరి పళ్లెం వాళ్లది అని వదిలేయడం మేలు, నియమం పాటించేవాళ్లకి తెలియకుండా పెట్టడం మాత్రం చేయొద్దు. మీకు అది మూఢనమ్మకం అనిపించినా సరే, వాళ్ల నోట్లోకి ఏం వెళ్లాలో నిర్ణయించే హక్కు వాళ్లదే.

తిండి కన్నా ముందే మాట్లాడుకోవాల్సింది వైద్యం గురించి. 2022 జనవరిలో అమెరికాలో మేరీల్యాండ్ యూనివర్సిటీ డాక్టర్లు 10 జన్యుమార్పులు చేసిన పంది గుండెని ఒక మనిషికి పెట్టారు, ఆయన రెండు నెలలు బతికారు, తర్వాత పంది కిడ్నీలు పెట్టడం కూడా మొదలైంది. పంది నిషిద్ధమైన మతాల్లో కూడా చాలామంది పండితులు ప్రాణం పోయే పరిస్థితిలో ఇది సరే అంటారు, తినడానికి ఉన్న నిషేధం వేరు, ప్రాణం కోసం ఒంట్లో పెట్టడం వేరు అని. అందరూ ఒప్పుకోరు. జంతువుని విడిభాగాల కోసం పెంచడమే తప్పు అనే అభ్యంతరం మతంతో సంబంధం లేకుండా కూడా ఉంటుంది. జన్యుమార్పిడి సంగతి అటుంచితే, ఆపరేషన్లలో రక్తం గడ్డకట్టకుండా వాడే హెపారిన్ ఎక్కువగా పంది పేగుల నుంచే వస్తుంది, గుండె వాల్వులు కొన్ని పందివి, కొన్ని ఆవువి. ఐసీయూ బయట నిలబడి ఇవన్నీ ఆలోచించే ఓపిక ఎవరికీ ఉండదు. కాబట్టి అమ్మానాన్నలతో, భార్యాభర్తలు ఒకరితో ఒకరు, ఒంట్లో బాగున్నప్పుడే కూర్చుని అడగండి, దేనికి సరే, దేనికి వద్దు, ఏ మతపెద్ద మాట మీకు ఆఖరిది, అని. చెప్పింది తేదీ వేసి రాసి, సంతకం పెట్టించి, ఇంట్లో అందరికీ తెలిసిన చోట పెట్టండి, ఒక కాపీ మీ డాక్టర్‌కి ఇవ్వండి.